దేశం దాటిన దత్తత



దత్తత అనగానే మన ఇళ్లలో పెద్దవాళ్ల కళ్లముందు మెదిలేది పీటల మీద కూర్చున్న దంపతులు, పురోహితుడు, హోమం, అన్నగారి ఒడిలోంచి తమ్ముడి ఒడిలోకి మారే పిల్లవాడు. గోత్రం మారుతుంది. ఒక్కోసారి ఇంటిపేరూ మారుతుంది. ఊరు మాత్రం మారదు, భాష మారదు. పండక్కి కన్నతల్లి పెట్టిన అరిసె తిని, పెంచిన తల్లి ఇంటికి వెళ్లి పడుకుంటాడు. ఈ రోజు నేను మీతో ముచ్చటించబోయేది అలాంటి దత్తత గురించి కాదు. ఊరూ భాషా కూడా మారిపోయే దత్తత గురించి, అంటే ఒక దేశంలో పుట్టిన బిడ్డ మరో దేశంలో ఇంకొకరి బిడ్డగా పెరగడం గురించి.

ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకు చదువువల్ల వచ్చింది కాదు. 1977 నుంచి పదకొండేళ్లపాటు మద్రాసులో ఒక శిశుగృహంలో గుమాస్తాగా పనిచేశాను. మా తాతగారి కాలంలోనే మా కుటుంబం నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్లో ఇంగ్లీషు. కన్నడమో, ఒడియానో, మరాఠీనో మార్చి చెప్పుకుంటే మీలో చాలామంది సంగతీ ఇంతే కదా. ఆ మూడు భాషలూ వచ్చనే నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నారు. గూడూరు పాసింజరు దిగి వచ్చే తల్లులు తెలుగులో చెప్పింది విని నేను ఇంగ్లీషులో ఫారం నింపాలి. నింపింది మళ్లీ తెలుగులో వినిపించి వేలిముద్ర వేయించాలి. కింద నేను సంతకం చేయాలి.

1979లో, వినాయకచవితి వెళ్లిన వారానికి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. చంకలో నాలుగు నెలల ఆడపిల్ల. మొగుడు పని వెతుక్కుంటూ పోయినవాడు తిరిగి రాలేదు. కట్టుబడి పనిలో ఇటుకలు మోస్తోంది, బిడ్డను ఇసుక కుప్ప మీద పడుకోబెట్టి. ఆసుపత్రిలో ఆయా ఎవరో మా చిరునామా చెప్పి పంపింది. ఫారంలో ఒక వాక్యం ఉండేది: ఈ బిడ్డ మీద ఏ హక్కూ మిగుల్చుకోకుండా శాశ్వతంగా వదులుకుంటున్నాను అని దాని అర్థం. ఆ వాక్యాన్ని నేను తెలుగులో ఎలా చెప్పానో తెలుసా? "నీ బిడ్డను పెంచుకోవడానికి ఇస్తున్నావు, అంతే" అన్నాను.

మోసం చేయాలని కాదు. ఆ పిల్ల ఏడుస్తోంది. నాకు ఆ మాట మెత్తగా తోచింది. కాని శ్రోతలారా, పెంచుకోవడం అనే మాటకు మన పల్లెల్లో ఉన్న అర్థం మీకు తెలుసు. మేనత్త పెంచుకుంటుంది, పిల్లలు లేని పిన్ని పెంచుకుంటుంది, కలిగిన ఇంటివారు పెంచుకుని చదివిస్తారు. బిడ్డ ఎవరి బిడ్డో ఊరందరికీ తెలుసు, బిడ్డకూ తెలుసు. కన్నతల్లి చచ్చిపోయినట్లు లెక్క కాదు. ఫారంలో ఉన్నదేమో అచ్చంగా ఆ లెక్కే. ఈ రెండింటికీ మధ్య ఉన్న అగాధాన్ని నేను ఒక్క మాటతో కప్పేశాను. ఆ అమ్మాయి బొటనవేలు సిరాలో అద్దుతూ నన్ను అడిగింది: "సంక్రాంతికి పిలుచుకొస్తారా అక్కా?"

"చూద్దాంలే" అన్నాను.

ఆ డిసెంబరులో బిడ్డ స్వీడన్ వెళ్లిపోయింది. జనవరిలో పండగ ముందు రోజు ఆ అమ్మాయి మా గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో చిన్న గౌను, పొట్లంలో మణుగుబూలు. వాచ్‌మన్ వచ్చి నాకు కబురు చెప్పాడు. నేను బయటికి రాలేదు. ఆఫీసులో పెద్దవాళ్లెవరో వెళ్లి మాట్లాడి పంపించారు. ఏం చెప్పారో నేను అడగలేదు.

అప్పట్లో ఇదంతా చట్టప్రకారమే జరిగేది. అది కూడా మీకు చెప్పాలి. మన దేశంలో దత్తతకు 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఉంది. అది హిందువులకే వర్తిస్తుంది. విదేశీయులకు దాని కింద దత్తత కుదరదు. అందువల్ల వాళ్లు 1890లో తెల్లవారి పాలనలో చేసిన గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టుకు వెళ్లి, బిడ్డకు సంరక్షకులుగా ఉత్తర్వు తెచ్చుకునేవారు. అసలు దత్తత వాళ్ల దేశం వెళ్లాక, వాళ్ల చట్టం ప్రకారం జరిగేది. మధ్యలో ఆ బిడ్డ అటూ కాదు, ఇటూ కాదు. వకీలు తరఫున కోర్టులో కాగితాలు కదిలేవి తప్ప, ఆ బిడ్డను విడిచిన తల్లి ఏ భాషలో ఏమని విన్నదో అడిగే నాథుడు లేడు.

1982లో లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాశారు. మన పిల్లలను విదేశీయులకు దత్తత ఇప్పించే సంస్థల్లో అక్రమాలు జరుగుతున్నాయని, పసిపిల్లల ప్రాణాలకే ముప్పు వస్తోందని దాని సారాంశం. ఆ ఉత్తరాన్నే కోర్టు పిటిషనుగా స్వీకరించింది. 1984 ఫిబ్రవరి 6న జస్టిస్ పి. ఎన్. భగవతి తీర్పు చెప్పారు. దేశాంతర దత్తతను కోర్టు నిషేధించలేదు. కట్టుదిట్టం చేసింది. విదేశీ దంపతులు నేరుగా వచ్చి బిడ్డను తీసుకుపోవడానికి వీల్లేదు. వాళ్ల దేశంలో గుర్తింపు పొందిన సంస్థ ఒకటి పూచీపడాలి. ముందు మన దేశంలోనే తల్లిదండ్రులను వెతకాలి. కోర్టుకు వచ్చిన ప్రతి దరఖాస్తునూ వేరొక స్వతంత్ర సంస్థ పరిశీలించాలి. అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది మరొక మాట: బిడ్డను వదులుకునే తల్లిదండ్రులకు దాని పర్యవసానం అంతా విడమరచి చెప్పాలి, బిడ్డ పరాయి దేశానికి వెళ్లవచ్చు అనే సంగతితో సహా. మా ఆఫీసుకు ఆ తీర్పు నకలు వచ్చిన రోజున ఆ పేరా చదివి, తలనొప్పి అని సెలవు చీటీ రాసి ఇంటికి వెళ్లిపోయాను.

ఆ తీర్పు ఫలితంగానే 1990లో కేంద్ర ప్రభుత్వం ఒక సంస్థను ఏర్పాటు చేసింది. దాన్ని అందరూ కారా అంటారు. 1993 మే 29న హేగ్ నగరంలో దేశాంతర దత్తత మీద అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది. 2003లో మన దేశం దానికి ఆమోదముద్ర వేసింది. దాని మూలసూత్రం చాలా చిన్నది. ముందు కన్నవారి దగ్గరే బిడ్డ ఉండేలా చూడాలి. అది కుదరకపోతే సొంత దేశంలో ఇంకో ఇల్లు. అదీ దొరకకపోతే అప్పుడు పరదేశం. మన ముత్తవ్వలు చెప్పినా ఇదే వరస చెప్పి ఉండేవారు. అయితే వరస తెలియడం ఒక ఎత్తు, పాటించడం ఒక ఎత్తు.

1999లోనూ, మళ్లీ 2001లోనూ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఏం బయటపడిందో మీలో కొందరికి జ్ఞాపకం ఉండవచ్చు. తెలంగాణ జిల్లాల్లోని లంబాడా తండాలలో దళారులు తిరిగి, ఆడపిల్ల పుట్టిన ఇంట కొద్దిపాటి డబ్బు చేతిలో పెట్టి పసికందులను తెచ్చి హైదరాబాదులోని శిశుగృహాలకు చేర్చారు. తల్లులు వదులుకున్నట్లు కాగితాలు పుట్టించారు. కాగితాలకేం, సిరా ఉంటే చాలు. అరెస్టులు జరిగాయి, కొన్ని గృహాల లైసెన్సులు రద్దయ్యాయి. 2001లో రాష్ట్ర ప్రభుత్వం తల్లిదండ్రులు బిడ్డను అలా అప్పగించే పద్ధతినే నిషేధించింది. 2005లో చెన్నైలో ఇంకా ఘోరం బయటికొచ్చింది. పేదల వాడల నుంచి ఎత్తుకుపోయిన పిల్లలు వేరే పేర్లతో, దొంగ పత్రాలతో విదేశాలకు చేరారని పోలీసులు కనుక్కున్నారు. వాళ్లను తీసుకున్న దంపతులకు ఆ సంగతి తెలియదు. అనాథను ఆదుకున్నామనే వాళ్ల నమ్మకం.

ఇది మన ఒక్క దేశం గొడవ కాదు. 1950ల నుంచి సుమారు రెండు లక్షల మంది పిల్లలను విదేశాలకు పంపిన దక్షిణ కొరియాలో, రికార్డులు తారుమారు చేసి పిల్లలను పంపారని, ఆ తప్పులకు ప్రభుత్వానిదే బాధ్యత అని అక్కడి సత్యశోధన కమిషనే 2025 మార్చిలో తేల్చింది. చైనా 2024లో, దగ్గరి బంధువులకు తప్ప, తన పిల్లలను బయటికి ఇవ్వడం మానేసింది. నెదర్లాండ్స్ 2021లో కొత్త దత్తతలను నిలిపివేసింది. స్వీడన్‌లో ప్రభుత్వం వేసిన కమిషన్ 2025 జూన్‌లో ఈ పద్ధతికి స్వస్తి చెప్పమని సిఫార్సు చేసింది. 2004లో ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 45 వేల దాకా జరిగిన దేశాంతర దత్తతలు ఇప్పుడు అందులో చిన్న పాలు మాత్రమే.

అయితే ఆపేస్తే సరిపోతుందా? ఇక్కడ నా మనసు ఒక పక్కకు మొగ్గదు. కారణం చెబుతాను.

1986లో మా దగ్గర గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లవాడు ఒకడు ఉండేవాడు. పాలు ముక్కులోంచి వచ్చేవి. దూది వత్తితో చుక్కచుక్కగా పట్టేవాళ్లం. బిడ్డ కావాలని వచ్చిన మనవాళ్లు ఎనిమిది జంటలు వాణ్ణి చూశారు. ఎనిమిది జంటలూ తల తిప్పుకున్నారు. ఒకావిడ గర్భిణిగా ఉన్న తన కోడలు వాణ్ణి చూడకూడదని కొంగు అడ్డం పెట్టింది. మనవాళ్లకు కావలసింది మూడు నెలల బిడ్డ, పచ్చని ఛాయ, వీలైతే తమ కులం. నిందించడానికి చెప్పడం లేదు. నేను చూసింది చెబుతున్నాను. చివరికి ఇటలీ నుంచి ఒక దంపతులు వచ్చారు. ఆయన వడ్రంగి, ఆవిడ రొట్టెల దుకాణంలో పనిచేస్తుంది. ఆవిడ వాణ్ణి ఎత్తుకుని ఆ మొర్రి మీదే ముద్దు పెట్టుకుంది. తర్వాత రెండేళ్లకు ఫోటో పంపారు. పెదవి మీద సన్నని గీత తప్ప ఏమీ లేదు. నోటి నిండా ఐస్‌క్రీం.

ఇప్పటి చట్టం ఈ సంగతిని గుర్తించింది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, దత్తతకు అర్హత ఉందని ప్రకటించిన బిడ్డకు అరవై రోజుల్లోగా ఈ దేశంలోగాని, విదేశాల్లో ఉన్న భారతీయ పౌరులలోగాని ఇల్లు దొరకనప్పుడే విదేశీయులకు అవకాశం వస్తుంది. అవిటితనం ఉన్న పిల్లలు, విడదీయకూడని అన్నాచెల్లెళ్లు, అయిదేళ్లు దాటినవాళ్లు, వీళ్లకు దేశాంతర దత్తతలో ప్రాధాన్యం ఇవ్వవచ్చు. ఒక్క మాటలో చెప్పాలంటే మనం వద్దన్న పిల్లలు. పదేళ్ల అక్క, ఆరేళ్ల తమ్ముడు చేతులు పట్టుకుని నిలబడితే ఇద్దరినీ కలిపి తెచ్చుకునే ఇల్లు మన వీధిలో ఎన్ని ఉన్నాయో మీరే చెప్పండి.

తల్లి విషయంలో కూడా ఇప్పుడు పద్ధతి మారింది. బిడ్డను అప్పగించదలచిన తల్లి ఏ శిశుగృహం గుమాస్తా ముందో కాదు, జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ముందు చెప్పాలి. ఆమెకు నచ్చజెప్పి, వివరించి, ఆ తర్వాతే పత్రం రాయించాలి. రాసిన తర్వాత కూడా మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంది. ఆ రెండు నెలల్లో ఆమె తిరిగి వస్తే బిడ్డ ఆమెదే. మీ ఇంట్లో పనిచేసే మనిషి, మీ పక్క వాటాలో అద్దెకుండే పిల్ల ఎవరైనా ఇలాంటి కష్టంలో ఉంటే ఈ ఒక్క సంగతి ఆమెకు ఆమె భాషలో చెప్పండి. 1098 నంబరుకు ఫోను చేయండి. ఆసుపత్రి వరండాలో "మంచి జంట ఉన్నారు, అంతా నేను చూసుకుంటా" అనే నర్సమ్మనో, దళారినో నమ్మనివ్వకండి. బిడ్డను అమ్మినా కొన్నా అయిదేళ్ల దాకా కఠిన శిక్ష పడే నేరమది. సేలం, ధర్మపురి వైపు శ్రోతలకు 1992లో మొదలైన ఊయల పథకం తెలిసే ఉంటుంది. ఆడపిల్లను చంపకుండా ఊయలలో వదలమన్నారు. ప్రాణం నిలిచింది, నిజమే. కాని ఊయలలో వదిలిన బిడ్డకు తల్లి పేరు ఉండదు, ఊరి పేరు ఉండదు. ఆ ఖాళీ ఎంత పెద్దదో బిడ్డ పెద్దయ్యాక తెలుస్తుంది.

ఇక మీలో కొందరికి ఇంకో రకంగా ఈ ప్రశ్న ఎదురై ఉంటుంది. కూతురూ అల్లుడూ అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడ్డారు, పిల్లలు లేరు. "చెల్లెలి రెండో పాపను నాకు ఇప్పించమ్మా" అని ఫోను. మనం మన పద్ధతిలో ముహూర్తం పెట్టి, దత్తహోమం చేయించి, స్టాంపు కాగితం మీద దస్తావేజు రాయించి రిజిస్టరు చేయించి, ఇక వీసాయే తరువాయి అనుకుంటాం. ఆగండి. ఆ హోమం, ఆ దస్తావేజు పిల్లను విమానం ఎక్కించడానికి చాలవు. ఆ దేశం వాళ్ల చట్టం ముందుగా ఒప్పుకోవాలి, ఇక్కడ కారా నుంచి అభ్యంతరం లేదనే పత్రం రావాలి. హిందూ దత్తత చట్టం కింద జరిగిన వాటికి ఆ పత్రం ఇచ్చే దారిని 2021 సెప్టెంబరులో నిబంధనలలో చేర్చారు. బంధువుల బిడ్డను జువెనైల్ జస్టిస్ చట్టం కింద తీసుకోవడానికి వేరే దారి ఉంది. అక్కడ బంధువంటే పిన్ని, మేనమామ, బాబాయి, మేనత్త, తాతాబామ్మలు, అంతవరకే. దత్తత ఉత్తర్వు 2022 సెప్టెంబరు నుంచి కోర్టుకు బదులు జిల్లా మేజిస్ట్రేటు ఇస్తున్నారు. కనుక ముందు ఆ దేశంలో వకీలునో, గుర్తింపు పొందిన సంస్థనో అడిగి, ఆ తర్వాతే పురోహితుణ్ణి పిలవండి. వరస తప్పి, హోమం అయిపోయి, పిల్ల ఇక్కడ, తల్లిదండ్రులు అక్కడ, ఏళ్ల తరబడి నలిగిన ఇళ్లు నాకు తెలుసు. ఇంకో మాట. ఆ పిల్ల చెల్లెలి కూతురు కదా, అంతా ఒక ఇంటివాళ్లమే కదా అని ఆమెకు నిజం దాచకండి. ఏ పెళ్లిలోనో ఏ ముసలమ్మో నోరు జారుతుంది.

స్వీడన్ వెళ్లిన పాప సంగతి సగంలో వదిలేశాను.

2006లో ఆవిడ వచ్చింది. ఇరవై ఏడేళ్లు. అప్పటికి నేను ఆ ఉద్యోగం మానేసి పద్దెనిమిదేళ్లయింది. ఫారం కింద నా సంతకం ఉంది కనుక వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. ముఖం అచ్చంగా ఆ అమ్మాయిదే. మాట మాత్రం ఒక్క ముక్క తెలుగు లేదు. పెంచిన తల్లి బళ్లో పంతులమ్మట. టిక్కెట్టు కొని పంపింది ఆవిడే. "నాకు బాధలేమీ లేవు, మంచి ఇల్లు, మంచి చదువు" అని మొదటే చెప్పింది, నేను ఏదో అడుగుతానని భయపడినట్లు. ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం, ఇద్దరికీ పరాయి భాష.

ఫైలులో తల్లి ఊరు కొత్తపాళెం అని నా దస్తూరీతో ఉంది. మండలం లేదు, పక్క ఊరి పేరు లేదు. నెల్లూరు జిల్లాలో కొత్తపాళేలు ఎన్ని ఉన్నాయో అక్కడివాళ్లను అడగండి. టాక్సీ మాట్లాడుకుని నాలుగు ఊళ్లు తిరిగాం. మూడో ఊళ్లో ఒక ముసలామె, అలాంటి పిల్ల ఒకతె మద్రాసుకు కూలికి పోయిందని, తర్వాత ఇక్కడికి రాలేదని చెప్పింది. అది ఆ పిల్లో, వేరే పిల్లో. ఆ రోజు నేను ఇంకో రెండు ప్రశ్నలు అడిగి రాసుకుని ఉంటే ఈ తిరుగుడు ఉండేది కాదు. ఈ రోజు ఎవరైనా ఆ కుర్చీలో కూర్చుని ఆ ఫారం నింపుతుంటే వాళ్లకు నా మనవి ఒక్కటే: ఊరు రాస్తే పక్కన చెరువు పేరు కూడా రాయండి.

నిజానికి కొత్తపాళెం అన్నానే గాని, ఆ ఊరి పేరు అది కాదు. అలాంటిదే ఇంకొకటి. ఆ తల్లి ఇప్పుడు ఎక్కడో మరో సంసారంలో ఉండవచ్చు. ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండిన దత్తపుత్రులు తమ మూలాలు వెతుక్కోవచ్చని ఇప్పటి నిబంధనలు చెబుతున్నాయి. వాళ్ల తరఫున మూడోవాళ్లు వెతకడానికి మాత్రం ఒప్పుకోవు. తల్లి గుట్టును కూడా కాపాడాలంటాయి. రేడియోలో ఊరి పేరు చెప్పి ఎవరికైనా తెలుసా అని అడగాలని నాకు నోటి చివరిదాకా వచ్చింది. ఆ పని నేను చేయకూడదు.

తిరుగు ప్రయాణంలో, సూళ్లూరుపేట దాటాక, ఆవిడ అడిగింది: "నన్ను ఇచ్చేటప్పుడు మా అమ్మ ఏమైనా అన్నదా?"

ఏమీ అనలేదని చెబితే సరిపోయేది. నా తప్పూ బయటపడేది కాదు. చెప్పాను. పెంచుకోవడం అన్న నా మాట, సంక్రాంతి, గౌను, గేటు, నేను బయటికి రాకపోవడం, అంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నన్ను ఏమీ అనలేదు. క్షమించానని కూడా అనలేదు. తర్వాత సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, అమ్మ అడిగిన ఆ మాట ఆవిడ అన్నట్లే, తెలుగులో రాసిమ్మంది. రాసిచ్చాను. దాని కింద తన భాషలో అర్థం రాసుకుంది. చదివి వినిపించమంది. వినిపించాను. తనూ అనబోయింది. "సంక్రాంతి" దగ్గర నాలుక తిరగలేదు. తడ చెక్‌పోస్టు దగ్గర లారీల వెనక మా టాక్సీ ఆగింది. అక్కడ మూడోసారికి వచ్చింది.